మందుకు లొంగని దోమ: నిరోధకతను చూపే జన్యు గుర్తులను పట్టుకోవడం ఎలా?

ఫాగింగ్ బండి వీధిలో పొగ చిమ్ముకుంటూ వెళ్ళిన మరునాటి సాయంత్రమే దోమలు మళ్ళీ చెవి దగ్గర రొద పెడితే, మందులో నీళ్ళు కలిపి కొట్టారని మన పేటల్లో జనం అనుకోవడం పరిపాటి. ఆ మాట నిజమే కావచ్చు. పొగ ఇంటి లోపలికి చేరకపోవడం వల్లనో, పగలు కుట్టే దోమకు చీకటి పడ్డాక పొగ పెట్టడం వల్లనో కూడా అలా జరగవచ్చు. వీటికి తోడు నాలుగో కారణం ఒకటుంది. మందు మంచిదే, మోతాదు సరైనదే, దోమకు సరిగానే తగిలింది, అయినా దోమ చావలేదు. తరతరాలుగా అదే మందును చవిచూసిన దోమల సంతతిలో, దాన్ని తట్టుకొనే జన్యు మార్పు ఉన్నవే మిగిలి పిల్లలు పెట్టాయి. ఈ నాలుగో కారణాన్ని తక్కిన మూడింటి నుంచి వేరుచేసి, మార్పు జన్యువులో ఎక్కడుందో ఎలా నిర్ధారించాలో ఇక్కడ వరుసగా చెబుతాను. విశాఖపట్నంలో జంతుశాస్త్రం, బయోటెక్నాలజీ చదువుతూ డీఎన్ఏ ముక్కను లక్షల ప్రతులుగా పెంచే పీసీఆర్ యంత్రం అందుబాటులో ఉన్న విద్యార్థులనూ, మలేరియా విభాగాల్లో పనిచేసే జీవశాస్త్రజ్ఞులనూ దృష్టిలో పెట్టుకొని దీన్ని రాశాను.

ఒక విషయం ముందే చెప్పాలి. పీసీఆర్‌లో పెరిగిన డీఎన్ఏ ముక్క జెల్ మీద గీతగా ఎంత స్పష్టంగా కనిపించినా, అది ఏ దోమదో, ఎక్కడ పట్టినదో, మందు తగిలాక ఆ దోమ బతికిందో చచ్చిందో తెలియనప్పుడు దాని విలువ సగం కూడా ఉండదు. అందుకే పీసీఆర్ కన్నా దానికి ముందు జరగవలసిన పనులకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు ప్రశ్నను కాగితం మీద పెట్టండి

"విశాఖ దోమల్లో నిరోధకత ఉందా?" అన్నది పరీక్షకు పనికివచ్చే ప్రశ్న కాదు. ఏ దోమ, ఏ మందు, ఏ పేట అన్న మూడూ అందులో ఉండాలి. కొళాయి నీళ్ళు వేళకు మాత్రమే వచ్చే కొండవాలు కాలనీల్లో, జనం నీళ్ళు పట్టి ఉంచే డ్రముల్లోనూ తొట్లలోనూ పెరిగేది డెంగీ, చికున్‌గున్యాలను మోసే ఏడిస్ ఈజిప్టై. మేడల మీద మూతలేని ట్యాంకుల్లో, బావుల్లో, కట్టడం సాగుతున్న భవనాల నీటి గుంటల్లో పెరిగేది పట్టణ మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై. గెడ్డల్లోనూ మురుగు కాలువల్లోనూ పెరిగేది బోదకాలు పురుగును మోసే క్యూలెక్స్ క్విన్‌క్విఫేసియేటస్. ఘాట్ ఎక్కి పాడేరు, అరకు వైపు వెళితే తేటగా, మెల్లగా పారే కొండవాగుల్లో అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దొరుకుతుంది. ఆ ప్రాంతాలు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి కనుక, అక్కడ పని చేయాలంటే అనుమతులు ఆ జిల్లా అధికారుల దగ్గర తీసుకోవాలి.

తరువాత మందుల చరిత్ర రాసుకోండి. నిల్వ నీటిలో వేసే టెమిఫాస్‌ను మన వాళ్ళు అబేట్ మందు అంటారు. అదీ, ఫాగింగ్‌లో వాడే మలాథియాన్ కూడా ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబానివే. దోమతెరలకు పట్టించేవీ, ఈ రోజుల్లో గోడల మీద పిచికారీ చేసేవీ ఎక్కువగా డెల్టామెత్రిన్, ఆల్ఫా సైపర్‌మెత్రిన్ వంటి పైరిథ్రాయిడ్లు. ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ప్లగ్గుకు పెట్టే లిక్విడ్లలోని ట్రాన్స్‌ఫ్లూత్రిన్, ప్రాలెత్రిన్ కూడా పైరిథ్రాయిడ్లే. ఏడాది పొడుగునా ఇంట్లో అది వెలుగుతూ ఉంటే, ఇంటిలోపలే తిరిగే ఏడిస్ మీద ఆ ఒత్తిడి ఏడాది పొడుగునా ఉన్నట్టే. కాబట్టి కార్పొరేషన్ ఏ మందు కొట్టిందో కనుక్కోవడంతో ఆగకుండా, లార్వాలు సేకరించే ప్రతి ఇంటిలోనూ వాళ్ళేం వాడుతున్నారో అడిగి రాసుకోండి. డీడీటీ సంగతి కూడా వదలకండి. 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం నుంచి దశాబ్దాల పాటు అదే ప్రధాన ఆయుధం. డీడీటీ, పైరిథ్రాయిడ్లు రెండూ దోమ నరాల్లోని ఒకే సోడియం ద్వారం మీద పనిచేస్తాయి కనుక, తాతల నాడు డీడీటీ వల్ల పైకి వచ్చిన మార్పు నేడు పైరిథ్రాయిడ్‌కు కూడా అడ్డం పడవచ్చు.

లార్వాల సేకరణ

పాలకూ టీకీ వాడే చిన్న గరిటె, తెల్లటి పళ్ళెం, డ్రాపర్, మూత గట్టిగా పట్టే సీసాలు ఉంటే చాలు. నీళ్ళు ఒక్కసారిగా కదిపితే లార్వాలు అడుగుకు దిగిపోతాయి కనుక, నీడ పడకుండా నిలబడి మెల్లగా ముంచండి. ఇంటివాళ్ళ అనుమతి అడగకుండా డ్రము మూత తీయవద్దు. ఏం చేస్తున్నారో రెండు మాటల్లో చెప్పి, పని అయ్యాక ఆ నీళ్ళు పారబోసి డ్రము రుద్ది కడగడానికి సాయం చేస్తే, మరుసటి నెల మీరు వెళ్ళినప్పుడు తలుపు తీస్తారు. శుక్రవారం నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే డ్రై డే పాటించే ఇళ్ళలో శనివారం వెళితే లార్వాలు దొరకవు. బుధ, గురువారాల్లో వెళ్ళండి.

ఈ దశలో జరిగే అతి పెద్ద తప్పు ఒకే డ్రము నుంచి వందల లార్వాలు తెచ్చుకోవడం. ఒకసారి నేనూ అదే చేశాను. దొరికినవన్నీ ఒకే తొట్టిలోవి. పరీక్షిస్తే దాదాపు అన్నింటిలోనూ ఒకే జన్యురూపం వచ్చింది. పేట మొత్తం నిరోధకంగా మారిందని రాయబోయి, అవన్నీ ఒకటో రెండో తల్లుల పిల్లలేనని ఆ తరువాత గ్రహించాను. మూడు వారాల పని వృథా అయింది. ఒక్కో పాత్ర నుంచి నాలుగైదు లార్వాలకు మించి తీసుకోకుండా, ఒకదానికొకటి దూరంగా ఉన్న కనీసం ఇరవై ముప్ఫై ఇళ్ళు తిరగండి. ప్రతి సీసా మీద తేదీ, వీధి, పాత్ర రకం పెన్సిలుతో రాసిన చీటీ ఉండాలి. బాల్ పెన్ సిరా ఆల్కహాలు తగిలితే చెదిరిపోతుంది.

ఎన్ని దోమలు కావాలన్న ప్రశ్నకు లెక్క ఉంది. ఒక మార్పు ఆ జనాభాలో 5 శాతం పౌనఃపున్యంతో ఉందనుకుంటే, 30 దోమలను, అంటే దోమకు రెండు చొప్పున 60 జన్యు ప్రతులను పరీక్షించినప్పుడు అది ఒక్కదానిలోనూ కనబడకుండా పోయే అవకాశం 0.95ను 60 సార్లు హెచ్చిస్తే వచ్చేది, అంటే ఇంచుమించు 4.6 శాతం. కాబట్టి ఒక్కో పేటకు, ఒక్కో జాతికి 30 అనేది అట్టడుగు సంఖ్య. నా సలహా 48. పోలిక కోసం పెట్టే నియంత్రణ నమూనాలతో కలిపి వాటిని 96 గదుల పీసీఆర్ పళ్ళెంలో సర్దుకోవడం కూడా సులువు.

ఏజెన్సీ నుంచి నమూనాలు తెచ్చేవారు సీసాలను నిండుగా నింపకుండా సగం గాలికి వదిలి, తడి తువ్వాలు చుట్టి నీడలో పెట్టి తెండి. ఘాట్ మలుపుల్లో నీళ్ళు కుదుపుకు గురైతే ఫ్లూవియాటిలిస్ లార్వాలు పెద్ద సంఖ్యలో చచ్చిపోతాయి.

మందు పరీక్ష, ముందు ఇదే

లార్వాలను ప్రయోగశాలలో క్లోరిన్ లేని నీటిలో పెంచి, దోమలుగా లేచాక 10 శాతం పంచదార నీళ్ళు పెట్టండి. మూడు నుంచి ఐదు రోజుల వయసున్న, రక్తం తాగని ఆడ దోమలే పరీక్షకు పనికివస్తాయి. గోడల మీద పట్టిన పెద్ద దోమల వయసు తెలియదు, వయసు మీరిన కొద్దీ దోమకు మందును తట్టుకొనే శక్తి తగ్గుతుంది, కాబట్టి వాటితో చేసిన పరీక్ష మోసం చేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ట్యూబు పరీక్షలో ఎరుపు చుక్క ఉన్న గొట్టంలో మందు పూసిన కాగితం, పసుపు చుక్క ఉన్నదానిలో నూనె మాత్రమే పూసిన కాగితం, ఆకుపచ్చ చుక్క ఉన్నదానిలో శుభ్రమైన కాగితం ఉంటాయి. ఒక్కో గొట్టానికి 25 చొప్పున నాలుగు మందు గొట్టాలు, రెండు నియంత్రణ గొట్టాలు సిద్ధం చేసుకోండి. దోమలను గంట సేపు మందు కాగితం ఉన్న గొట్టంలో ఉంచి, ఆ తరువాత ఆకుపచ్చ చుక్క గొట్టంలోకి మార్చి, పంచదార నీళ్ళ దూది పెట్టి, 24 గంటల తరువాత చచ్చినవెన్నో లెక్కపెట్టాలి. అనాఫిలిస్‌కు డెల్టామెత్రిన్ కాగితం 0.05 శాతానిది. ఏడిస్‌కు నిర్ణయించిన మోతాదు వేరు కనుక, కాగితాలు తెప్పించేటప్పుడే జాతి పేరు స్పష్టంగా రాయండి. కాగితాలను ఫ్రిజ్‌లో దాచి, పరీక్షకు ముందు గది వేడికి రానివ్వండి. ఒక కాగితాన్ని ఆరు సార్లకు మించి వాడవద్దు.

గది 27 డిగ్రీలకు రెండు అటూ ఇటూగా, తేమ 75 శాతానికి పది అటూ ఇటూగా ఉండాలి. విశాఖలో తేమకు కొదవ లేదు గానీ, మే నెలలో కరెంటు పోతే గది గంటలో వేడెక్కి నియంత్రణ గొట్టంలోని దోమలు కూడా చచ్చిపోతాయి. నియంత్రణలో మరణాలు 20 శాతం దాటితే ఆ పరీక్షను పారవేసి మళ్ళీ చేయండి. అంతకు తక్కువగా ఉంటే ఆబట్ సూత్రంతో సవరించవచ్చు. పరీక్షలోని మరణ శాతం నుంచి నియంత్రణ మరణ శాతాన్ని తీసివేసి, దాన్ని నూరు నుంచి నియంత్రణ మరణ శాతం తీసివేయగా మిగిలినదానితో భాగించి, నూరుతో హెచ్చించాలి. 98 శాతం, అంతకు పైన చస్తే మందుకు లొంగుతున్నట్టు. 90 కన్నా తక్కువ చస్తే నిరోధకత ఖాయం. మధ్యలో ఉంటే అనుమానించి మళ్ళీ పరీక్షించాలి.

టెమిఫాస్ సంగతి తేలాలంటే పరీక్ష లార్వాలతోనే చేయాలి. మూడో దశ చివర గానీ నాలుగో దశ మొదట్లో గానీ ఉన్నవాటిని కప్పుకు 25 చొప్పున మందు కలిపిన నీటిలో 24 గంటలు ఉంచి లెక్కపెట్టాలి.

పరీక్ష ముగిశాక బతికిన దోమలను బయటికి వదలకూడదు. మందును తట్టుకున్నవాటినే ఏరి వదిలినట్టవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి చంపి, బతికినవాటిని ఒక పెట్టెలోనూ చచ్చినవాటిని వేరే పెట్టెలోనూ దాచండి. జన్యు గుర్తుకూ నిరోధకతకూ ఉన్న సంబంధం తేలేది ఈ రెండు పెట్టెలను పోల్చడం వల్లనే కనుక, ఈ విభజన చెడితే ఆ పైన చేసేదానికి అర్థం ఉండదు.

దాచడం, జాతి గుర్తించడం

డీఎన్ఏ కోసమైతే ఒక్కో దోమను ఒక్కో చిన్న ట్యూబులో సిలికా జెల్ మీద దూది పెట్టి దాచవచ్చు, లేదా ఆల్కహాలులో ముంచి ఉంచవచ్చు. సముద్రపు గాలి తగిలే మన గదుల్లో సిలికా జెల్ త్వరగా తేమ పీల్చి రంగు మారుతుంది. వారానికోసారి చూసి, రంగు మారినదాన్ని వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వాడండి. ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలిచే ఆర్ఎన్ఏ పని చేయదలిస్తే మాత్రం ఇవి చాలవు. బతికి ఉండగానే ఆర్ఎన్ఏను కాపాడే ద్రావణంలో వేసి అతిశీతల ఫ్రీజర్‌కు చేర్చాలి.

ఏడిస్, క్యూలెక్స్‌లను సూక్ష్మదర్శిని కింద గుర్తుపట్టడం కష్టం కాదు. అనాఫిలిస్ దగ్గర జాగ్రత్త పడాలి. క్యూలిసిఫేసిస్ అని మనం పిలిచేది ఏ, బీ, సీ, డీ, ఈ అనే ఐదు తోబుట్టు జాతుల కలయిక, వాటిలో బీ మలేరియాను మోయడంలో బలహీనమైనది. ఫ్లూవియాటిలిస్‌లో ఎస్, టీ, యూ అనేవి ఉన్నాయి, వాటిలో ఎస్ మలేరియాను గట్టిగా వ్యాపింపజేస్తుంది. కంటికి అన్నీ ఒకేలా ఉంటాయి. రైబోసోమ్ డీఎన్ఏ మీద ఆధారపడిన పీసీఆర్‌తోనే వాటిని విడదీయాలి. నిరోధక జన్యువు ఉన్నది మలేరియాను మోయని తోబుట్టు జాతిలోనా, మోసేదానిలోనా అన్నది నియంత్రణ నిర్ణయాన్నే మార్చేస్తుంది కనుక ఈ మెట్టును దాటవేయవద్దు.

డీఎన్ఏను దోమ కాలు నుంచి తీయండి

ఒక్క కాలు చాలు. రెండు కాళ్ళు తీసుకుంటే ఇంకా నిశ్చింత. తక్కిన దేహాన్ని సాక్ష్యంగా దాచుకోండి. పొట్ట భాగాన్ని వాడకపోవడానికి గట్టి కారణం ఉంది. జతకట్టిన ఆడ దోమ పొట్టలో మగదాని వీర్యం నిల్వ ఉంటుంది, దాని డీఎన్ఏ కూడా కలిసి వస్తే నిజానికి సమయుగ్మజమైన (రెండు జన్యు ప్రతులూ ఒకేలా ఉన్న) దోమ విషమయుగ్మజంగా (రెండూ వేరువేరుగా ఉన్నట్టు) కనబడుతుంది. డీఎన్ఏ తీసే పద్ధతి ఏదైనా పరవాలేదు. మీ ప్రయోగశాలలో అలవాటైనది వాడండి, కిట్ కొనడం తప్పనిసరి కాదు.

ఏ గుర్తును వెతకాలి?

ఈ పనికి కీలకం ఇక్కడే ఉంది. అన్ని దోమల్లోనూ అన్ని మార్పులనూ వెతకడం డబ్బు దండగ. మందు ఎక్కడ పనిచేస్తుందో, ఆ చోట ఆ జాతి దోమకు ఏ మార్పు సాధ్యమో తెలుసుకొని వెతకాలి.

పైరిథ్రాయిడ్లకు, డీడీటీకి గురి సోడియం ద్వారం. నరంలో సంకేతం పారడానికి తెరుచుకొని వెంటనే మూసుకోవలసిన ఈ ద్వారాన్ని మందు తెరిచే ఉంచేస్తుంది. దాంతో దోమ వణికి, కాళ్ళు మడుచుకొని కింద పడుతుంది. ద్వారంలో ఒక అమైనో ఆమ్లం మారితే మందు అక్కడ సరిగా అతుక్కోదు. ఇలా పడిపోకుండా నిలిచే శక్తికి శాస్త్రంలో కెడిఆర్ (నాక్‌డౌన్ రెసిస్టెన్స్) అని పేరు. అనాఫిలిస్‌లోనూ క్యూలెక్స్‌లోనూ చూడవలసిన ప్రధాన స్థానం 1014. అక్కడ మామూలుగా లూసిన్‌కు మూడక్షరాల డీఎన్ఏ సంకేతమైన టీటీఏ ఉంటుంది. చివరి అక్షరం మారి టీటీటీ అయితే ఫినైల్ అలనిన్ వస్తుంది, దాన్ని ఎల్1014ఎఫ్ అని రాస్తారు. నడిమి అక్షరం మారి టీసీఏ అయితే సెరిన్ వస్తుంది, అది ఎల్1014ఎస్. మన దేశపు స్టీఫెన్సైలోనూ క్యూలిసిఫేసిస్‌లోనూ ఈ రెండూ కనబడ్డాయి. ఈ స్థాన సంఖ్యలు దోమవి కావు, ఈగ సోడియం ద్వారం లెక్క ప్రకారం పెట్టినవి. కొన్ని పత్రాల్లో అదే మార్పును దోమ సొంత లెక్కలో 995గా రాస్తారు, రెండూ వేరనుకొని తికమకపడవద్దు.

ఏడిస్ ఈజిప్టైలో 1014ను వెతకడం వృథా. అక్కడ దాని సంకేతం సీటీఏ. అది ఫినైల్ అలనిన్ కావాలంటే రెండు అక్షరాలు ఒకేసారి మారాలి, అది అరుదు. అందుకు బదులు ఏడిస్ ఇతర దారులు వెతుక్కుంది. 1534వ స్థానంలో టీటీసీ కాస్తా టీజీసీ అయి ఫినైల్ అలనిన్ బదులు సిస్టీన్ రావడం ఎఫ్1534సి. 1016లో జీటీఏ మారి జీజీఏ అయి వేలిన్ బదులు గ్లైసిన్ రావడం వి1016జి. దీనికి తోడుగా 989లో ఎస్989పి తరచు కలిసి ఉంటుంది. 1520లో టి1520ఐ మన దేశపు ఏడిస్‌లో ఎఫ్1534సి ఉన్న జన్యువు మీదే కనిపించింది. అది ఒంటరిగా పెద్దగా ప్రభావం చూపకపోయినా ఎఫ్1534సి బలాన్ని పెంచుతుంది. 989, 1016 ఒక ముక్కలోనూ, 1520, 1534 దూరంగా మరో ముక్కలోనూ ఉంటాయి కనుక ఏడిస్‌కు కనీసం రెండు పీసీఆర్‌లు అవసరం.

ఈ మార్పులన్నీ సమాన బలం గలవి కావు. ఎఫ్1534సి ఒక్కటే ఉన్న దోమ పర్మెత్రిన్ వంటి మొదటి రకం పైరిథ్రాయిడ్లను తట్టుకుంటుంది గానీ డెల్టామెత్రిన్ వంటి రెండో రకానికి లొంగుతుంది. వి1016జి రెండు రకాలకూ అడ్డు. అందుచేత మీ పేట ఏడిస్‌లో ఎఫ్1534సి మెండుగా ఉండి, డెల్టామెత్రిన్ పరీక్షలో దోమలన్నీ చస్తే ఆ రెండు ఫలితాల మధ్య వైరుధ్యం ఏమీ లేదు.

ఆర్గానోఫాస్ఫేట్లకు, కార్బమేట్లకు గురి ఎసిటైల్ కోలినెస్టరేజ్ ఎంజైము. దాని జన్యువు ఏస్-1లో 119వ స్థానంలో జీజీసీ మారి ఏజీసీ అయితే గ్లైసిన్ బదులు సెరిన్ వస్తుంది, ఇదే జి119ఎస్. క్యూలెక్స్‌లో దీన్ని వెతకండి. ఏడిస్ ఈజిప్టైలో మాత్రం ఆ చోట సంకేతం జీజీఏ, సెరిన్ రావడానికి ఒక అక్షరం మార్పు చాలదు. అబేట్ మందుకు లొంగని ఏడిస్ దొరికితే జి119ఎస్ కోసం ప్రైమర్లు (పీసీఆర్ మొదలవడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్కలు) కొనకుండా, మందును విరిచేసే ఎస్టరేజ్ ఎంజైముల వైపు దృష్టి పెట్టండి.

ఫ్లూవియాటిలిస్ వంటి జాతులలో గుర్తుల పట్టికను ముందే నమ్ముకోకుండా, సోడియం ద్వారంలోని 1014 ఉన్న ముక్కను ఓ పది పన్నెండు దోమల్లో పూర్తిగా సీక్వెన్సింగ్ (అక్షరం అక్షరం చదివించడం) చేయించండి. అక్కడ ఏముందో చూశాకనే తక్కువ ఖర్చు పద్ధతిని ఎంచుకోండి.

పీసీఆర్, గీతలు చదవడం

నేర్చుకోవడానికి అనువైనది ఏస్-1 పరీక్ష. 2004లో ప్రచురితమైన ఈ పద్ధతిలో 194 అక్షరాల ముక్కను పెంచి, ఆలు-1 అనే కత్తెర ఎంజైముతో కోస్తారు. ఆ ఎంజైము ఏజీసీటీ అనే వరుస ఉన్నచోటే కోస్తుంది. మార్పు లేని జన్యువులో ఆ వరుస లేదు కనుక 194 ముక్క అలాగే నిలుస్తుంది. మార్పు ఉన్నది 120, 74గా తెగుతుంది. జెల్ మీద 194 ఒక్కటే ఉంటే లొంగే సమయుగ్మజం, 120, 74 మాత్రమే ఉంటే నిరోధక సమయుగ్మజం, మూడూ ఉంటే విషమయుగ్మజం. ముక్కలు చిన్నవి కనుక అగరోజ్ జెల్ రెండున్నర, మూడు శాతం చిక్కదనంతో పోయండి. జెల్‌కు ఇథిడియం బ్రోమైడ్ రంగు వాడితే నైట్రైల్ చేతితొడుగులు తప్పనిసరి, ఆ వ్యర్థాన్ని సింకులో పోయవద్దు.

ఎంజైము బలహీనమైనా, సమయం చాలకపోయినా కోత సగంలో ఆగి నిరోధక సమయుగ్మజం కూడా మూడు గీతలు చూపిస్తుంది. ఒక్క అక్షరాన్ని పట్టి పెంచే పద్ధతిలో అతుక్కొనే ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు తగ్గినా తప్పుడు గీత పుడుతుంది. అందుకే ప్రతి జెల్ మీద నాలుగు గుంటలు తప్పక కేటాయించండి. సీక్వెన్సింగ్‌తో ముందే నిర్ధారించుకున్న మూడు జన్యురూపాలకు ఒక్కొక్కటి, డీఎన్ఏ వేయని నీళ్ళకు ఒకటి. నీళ్ళ గుంటలో గీత వస్తే ఆ రోజు ఫలితాలన్నీ రద్దు చేయాలి. నిరోధకంగా తేలినవాటిలో కొన్నింటినైనా సీక్వెన్సింగ్‌కు పంపండి. విషమయుగ్మజమైతే ఆ స్థానంలో ఒకదాని మీద ఒకటి రెండు శిఖరాలు కనబడతాయి. కంప్యూటరు రాసిచ్చిన అక్షరాన్ని నమ్మకుండా ఆ శిఖరాలను మీ కళ్ళతో చూడండి.

లెక్క కట్టడం

అంకెలతో చూద్దాం. ఇవి లెక్క నేర్పడానికి నేను ఊహించుకున్న అంకెలే. 48 దోమల్లో 20 లొంగే సమయుగ్మజాలు, 18 విషమయుగ్మజాలు, 10 నిరోధక సమయుగ్మజాలు అనుకోండి. మొత్తం జన్యు ప్రతులు 96. నిరోధక ప్రతులు 10ని రెండుతో హెచ్చించి 18 కలిపితే 38. పౌనఃపున్యం 38 భాగింపు 96, అంటే 0.396. హార్డీ-వైన్‌బర్గ్ నియమం ప్రకారం, అంటే దోమలు యాదృచ్ఛికంగా జతకడితే, ఆశించేవి 17.5, 23, 7.5. ఆశించినవాటికీ లెక్కలో వచ్చినవాటికీ తేడాను కొలిచే కై-వర్గం లెక్కిస్తే ఇంచుమించు 2.2 వస్తుంది. అది 5 శాతం స్థాయిలో హద్దు అయిన 3.84 కన్నా తక్కువ కనుక తేడాను పట్టించుకోనక్కరలేదు. అది 3.84 దాటి విషమయుగ్మజాలు మరీ ఎక్కువగా ఉంటే రెండు విధాలుగా ఆలోచించాలి. పీసీఆర్‌లో తప్పు జరిగి ఉండవచ్చు, లేదా ఏస్-1 జన్యువు రెండు ప్రతులుగా పెరిగి, లొంగే రూపం, నిరోధక రూపం ఒకే క్రోమోజోము మీద కలిసి ఉండవచ్చు. క్యూలెక్స్‌లో ఇది తెలిసిన సంగతే. విషమయుగ్మజాలు తక్కువగా ఉంటే ఒకే తల్లి పిల్లలనో, రెండు తోబుట్టు జాతులనో కలిపేశారేమో చూసుకోండి.

ఇప్పుడు ఆ రెండు పెట్టెలు. ఆ 48లో 20 బతికాయి, 28 చచ్చాయి. బతికినవాటి 40 ప్రతుల్లో 26 నిరోధకం, 14 మామూలువి. చచ్చినవాటి 56లో 12 నిరోధకం, 44 మామూలువి. 26ను 44తో హెచ్చించి, 14ను 12తో హెచ్చించగా వచ్చినదానితో భాగిస్తే 6.8. అంటే నిరోధక ప్రతి బతికిన దోమల్లో ఉండే మొగ్గు, చచ్చినవాటిలో ఉన్నదానికి దాదాపు ఏడు రెట్లు. ఈ సంఖ్య ఒకటికి దగ్గరగా వస్తే మీరు వెతికిన గుర్తు ఉన్నా, ఆ దోమలను బతికించింది అది కాదని అర్థం చేసుకోవాలి.

గుర్తు కనబడకపోతే

దోమలు బతికాయి, కెడిఆర్ లేదు. అప్పుడు మందు గురిని చేరకముందే విరిగిపోతోందని అనుమానించండి. పైరిథ్రాయిడ్ల విషయంలో ముఖ్యంగా అనుమానించవలసినవి పీ450 ఎంజైములు. వాటిని అణిచే పీబీఓ (పైపరోనిల్ బ్యూటాక్సైడ్) 4 శాతం కాగితం మీద దోమలను గంట ఉంచి, ఆ తరువాత పైరిథ్రాయిడ్ గొట్టానికి మార్చండి. ఇలా చేసినప్పుడు మరణాలు బాగా పెరిగితే ఆ ఎంజైముల పాత్ర ఉన్నట్టే. పీబీఓ కొన్ని ఎస్టరేజ్‌లను కూడా అణుస్తుంది కనుక తొందరపడి ఒకే పేరు రాయవద్దు. ఆఫ్రికాలోని అనాఫిలిస్ ఫ్యూనెస్టస్‌లో జీఎస్‌టీఈ2 జన్యువులో ఎల్119ఎఫ్, పీ450 జన్యువు సీవైపీ6పీ9ఏకు 2019లో వచ్చిన డీఎన్ఏ పరీక్ష వంటివి ఇలాంటి నిరోధకతకు నేరుగా గుర్తులు. వాటి ప్రైమర్లు తెచ్చి మన దోమల మీద వేస్తే ఫలితం రాదు. వేరే జాతి, వేరే జన్యు వరుస. మన దోమల్లో ఈ పనికి జన్యువుల చురుకుదనం కొలిచే పద్ధతే ప్రస్తుతానికి దారి, అందుకే ముందే ఆర్ఎన్ఏ కోసం కొన్ని దోమలను విడిగా దాచుకోమన్నాను.

ఫలితాన్ని అప్పగించడం

కార్పొరేషన్ మలేరియా విభాగానికి గానీ, జిల్లా మలేరియా అధికారికి గానీ ఇచ్చే కాగితం ఒక పేజీ దాటనక్కరలేదు. ఏ పేట, ఏ నెల, ఏ జాతి, ఏ మందు, ఎన్ని దోమలు, ఎంత శాతం చచ్చాయి, ఏ గుర్తు ఎంత పౌనఃపున్యంతో ఉంది, బతికినవాటికీ చచ్చినవాటికీ తేడా ఎంత. పౌనఃపున్యం ఒక్కటే రాసి మందు పరీక్ష ఫలితం వదిలేస్తే వాళ్ళు మందు మార్చాలో వద్దో తేల్చుకోలేరు. ఇళ్ళ యజమానుల పేర్లు, డోరు నంబర్లు అందులో రాయవద్దు.

మిగిలిన డీఎన్ఏను పేట పేరు, తేదీలతో సున్నాకు 20 డిగ్రీల దిగువన దాచండి. వచ్చే ఏడాది అదే నెలలో, అవే వీధుల్లో, అంతే సంఖ్యలో లార్వాలు పట్టి ఇదే వరుసలో మళ్ళీ చేయండి. ఈ ఏటి పౌనఃపున్యం పెరుగుతోందో తగ్గుతోందో అప్పుడు గానీ తేలదు.